గుడి ముంగిట వీరగల్లులు



భక్తమహాశయులారా! నూతన విమానమును, రాజగోపురమును, కుంభాభిషిక్తుడైన స్వామిని కనులార దర్శించుకొని ఈ సంచికను చేత బట్టుకొనిన మీకు ఒక మనవి. ఇంటికి మరలు ముందు తూర్పు ప్రాకారము వెలుపలనున్న వేపచెట్టు క్రింద ఒక్క నిమిషము నిలువుడు. అక్కడ క్రొత్తగా కట్టిన అరుగు మీద రెండు రాళ్ళు నిలిచియున్నవి. గోపురపు రంగుల నడుమ అవి కంటికి ఆనవు. ఊరిలో వానిని "వీరన్నలు" అని పిలుచుచున్నారు. పండుగనాడు పసుపు పూసి కొబ్బరికాయ కొట్టు ఇండ్లు నేటికిని కొన్ని కలవు. ఆ రాళ్ళు ఏమిటని అడిగినచో మాత్రము చెప్పగలవారు తక్కువ. అవి మన ఊరి యుద్ధస్మారకములు.

జీర్ణోద్ధరణ పనులు ఆరంభించునపుడు ఈ రాళ్ళ విషయమై మూడు ఆలోచనలు వచ్చినవి. నేలను చదును చేయునపుడు అడ్డముగా నున్నవి గనుక మెట్లకు గాని, పరుపుబండలకు గాని వాడుకొందమని ఒకటి. అరిగి, అంచులు విరిగిన పాత విగ్రహములు గనుక శాస్త్రప్రకారము జలమున విడువవలెనని రెండవది. చచ్చినవారి రాళ్ళు దేవళము ముందు ఉండుట మైల గనుక ఊరి వెలుపలకు చేర్చవలెనని మూడవది. మూడును గుడి బాగు కోరి చెప్పినవే. మొదటిదానికి రాళ్ళను చూపించుటయే సమాధానము. తక్కిన రెండును శాస్త్రము పేరిట వచ్చినవి గనుక శాస్త్రముతోనే బదులు చెప్పవలసియున్నది. ముందుగా ఆ రాళ్ళను చదువు విధమును మనవి చేసెదను.

వీరగల్లు అను మాటలో "కల్లు" అనగా రాయి. కన్నడమునందును, తమిళమునందును నేటికిని ఈ అర్థముననే వాడుక యున్నది. తమిళులు దీనిని "నడుకల్" అందురు, అనగా నాటిన రాయి. తెలుగునాట వీరగల్లు, వీరశిల, వీరులగుడి అని పలు పేర్లు కలవు. రాజులు వేయించిన దానశాసనములకును దీనికిని ఒక భేదము గమనింపవలెను. దానశాసనము ఇచ్చినవానిని చెప్పును. వీరగల్లు పోయినవానిని చెప్పును. తన ఊరికొరకో, పశువులకొరకో, ఏలికకొరకో పోరాడి మరణించిన ఒక మనిషిని మరువకుండుటకై వాని వారు నిలిపినది ఇది. ఆ మనిషి సేనాపతి కావచ్చును, పశువుల కాపరియు కావచ్చును.

ఇక మన పెద్దరాయిని చూడుడు. నిలువున మూడు అంతస్తులుగా విభజింపబడియున్నది. గుడి ప్రతిమలను పైనుండి క్రిందికి, కిరీటము మొదలు పాదముల వరకు చూచుట మనకు అలవాటు. వీరగల్లును క్రిందినుండి పైకి చదువవలెను. ఆ వరుస తెలియక చూచినవారికి ఇది ఏదో పురాణఘట్టము వలె తోచును.

అడుగు అంతస్తున యుద్ధము. కుడిచేత కత్తి, ఎడమచేత డాలు పట్టి ఒక యోధుడు ఎదుటివారిపై కాలు ముందుకు చాచి నిలిచియున్నాడు. శత్రువులు వానికంటె చిన్నవారుగా చెక్కబడిరి. శిల్పికి కొలతలు తెలియక కాదు, ఎవని రాయి యిది అని చెప్పుటకు. జుట్టు ముడి ప్రక్కకు వేసియున్నది, నడుమున బాకు ఉన్నది. వాని వెనుక నాలుగు ఆవులు వరుసగా ఉన్నవి. ఈ ఆవులే కథయంతయు చెప్పుచున్నవి. పూర్వము ఒక రాజ్యముపై యుద్ధము ప్రకటించుటకు, ఒక ఊరిని లొంగదీయుటకు మొదట పశువుల మందను తోలుకొనిపోవుట పద్ధతి. విరాటపర్వమునందలి దక్షిణ, ఉత్తర గోగ్రహణములు మీరు ఎరిగినవే. పాండవుల అజ్ఞాతవాసము ముగియుట కూడ ఆవులను మరల్చుటతోనే గదా! భారతమునందు ఆవులను మరల్చినవాడు అర్జునుడు గనుక కావ్యమునకెక్కినాడు. మన ఊరి ఆవులను మరల్చినవానికి ఈ రాయి దక్కినది.

నడిమి అంతస్తున ఇరువురు అప్సరసలు వానిని చెరియొక భుజము పట్టి పైకి తోడ్కొని పోవుచున్నారు. కొన్ని చోట్ల విమానమున కూర్చుండబెట్టి, చామరములు వీచుచున్నట్లు చెక్కుదురు. ఇక్కడ వాని చేతిలో కత్తి లేదు, దేహమున గాయము లేదు. పై అంతస్తున శివలింగము, నంది, లింగమునకు ఎదుట పద్మాసనమున కూర్చుండి చేతులు మోడ్చిన వీరుడు ఉన్నారు. అనగా కైలాసము. భగవద్గీత రెండవ అధ్యాయమున స్వామి అర్జునునకు యుద్ధమున మరణించినచో స్వర్గము కలదని చెప్పిన మాటను చదువురాని కాపరికి సైతము తెలియునట్లు మూడు గళ్ళలో చెక్కిన శిల్పి ఎవరో గాని, వానికి నమస్కరింపవలెను.

అన్నింటికి పైన, రాయి శిఖరమున, ఒక ప్రక్క సూర్యబింబము, ఒక ప్రక్క చంద్రరేఖ ఉన్నవి. శాసనములయందు "ఆచంద్రార్కము" అను మాట మీరు వినియుందురు. సూర్యచంద్రులు ఉన్నంతవరకు ఈ కీర్తి నిలుచుగాక అని దాని భావము. పండితులు సాధారణముగా ఈ అర్థమునే చెప్పుదురు. నాకు మరియొక భావము కూడ తోచుచున్నది. యోగనిష్ఠలో దేహము విడిచిన సన్న్యాసియు, రణమున ఎదురొడ్డి మరణించినవాడును, ఈ ఇరువురు మాత్రమే సూర్యమండలమును భేదించుకొని పైకి పోవుదురని స్మృతులయందు చెప్పబడినది. ఆ దృష్టితో చూచినచో శిఖరముననున్న సూర్యుడు గుర్తు మాత్రమే కాదు, వీరుడు దాటిపోయిన ద్వారము.

రెండవ రాయి చిన్నది. అందు అంతస్తులు లేవు. ఒక యోధుడును, వాని ప్రక్కన మోచేతి వద్ద మడిచి పైకెత్తిన ఒక స్త్రీ హస్తమును కలవు. ఆ హస్తమునకు గాజులు నిండుగా ఉన్నవి. భర్తతో సహగమనము చేసిన స్త్రీకి ఇది గుర్తు. ఇట్టివానిని సతిశిలలనియు, మాస్తికల్లులనియు అందురు. సహగమనమును 1829లో ఆంగ్ల ప్రభుత్వము వంగదేశమున నిషేధించినది, మరుసటి సంవత్సరము చెన్నరాజధానికిని ఆ నిషేధము వచ్చినది. నిషేధించుట మంచిదే అయినది. ఈ రాయిని నిలుపుకొనుట ఆ ఆచారమును మెచ్చుకొనుట కాదు. ఊరికొరకు ఒక ఇంటినుండి ఇరువురు పోయిరని తెలియుటకు వేరొక ఆధారము మనకు లేదు.

ఇప్పుడు ఈ వ్యాసమునకు మూలమైన మాట చెప్పెదను. ఇటీవలి కుంభాభిషేకమున మీరు చూచిన క్రియల వరుసను ఒకపరి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. శిలను పరీక్షించి గ్రహించుట, శిల్పి పనికి మంచి దినమున ఆరంభము, జలాధివాసము, తరువాత ధాన్యాధివాస శయ్యాధివాసములు, స్థాపన, ప్రాణప్రతిష్ఠ, మహానివేదన, చివరకు స్తోత్రము, మంగళాశాసనము. తమిళభాషలో అతి ప్రాచీనమైన వ్యాకరణగ్రంథము తొల్కాప్పియమునందు వీరుని రాయి నాటుటకు ఆరు ఘట్టములు చెప్పబడియున్నవి. కాట్చి, అనగా తగిన రాయిని చూచుట. కాల్కోళ్, అనగా దానిని గైకొని పనికి ఉపక్రమించుట. నీర్ప్పడై, అనగా నీట స్నానము చేయించుట. నడుకల్, అనగా నాటుట. పెరుంపడై, అనగా పెద్దయెత్తున నివేదనము. వాళ్త్తు, అనగా స్తుతి. రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు! శిలప్పదికారమున చేరరాజు సెంగుట్టువన్ కణ్ణగి ప్రతిమకొరకు హిమాలయమునుండి శిల తెప్పించి, గంగాజలమున స్నానము చేయించి ప్రతిష్ఠించిన కథయందును, అధ్యాయముల పేర్లు చాలమట్టుకు ఈ ఘట్టముల పేర్లే. మంత్రము వేరు, తంత్రము వేరు, చేయువారు వేరు. భావము ఒక్కటే. ఒక రాయి కేవలము రాయిగా నిలువదు. దానిని వెదకి, కడిగి, నాటి, అన్నము పెట్టి, పేరు పెట్టి పిలిచినపుడు అది నిలుచును. మన గర్భాలయమునందు ఆచార్యులు వేదమంత్రములతో చేసినదానిని వేపచెట్టు క్రింద ఊరివారు తమ కన్నీటితో చేసిరి.

ఈ సంప్రదాయము మన పల్నాటిసీమకు ఎంత పాతదో చెప్పుటకు దూరము పోనక్కరలేదు. మాచర్లకు ఎగువన కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకు రాజుల విజయపురి ఉండెడిది. క్రీ.శ. 3, 4 శతాబ్దములలో అక్కడ చనిపోయినవారి స్మృతికై నిలిపిన స్తంభములు అనేకము బయటపడినవి. ప్రాకృతభాషలోనున్న ఆ లేఖనములయందు వానిని ఛాయాస్తంభములు అన్నారు. ఛాయ అనగా నీడ, ప్రతిరూపము. ఎంత చక్కని మాట! శాంతమూల మహారాజు స్మృతికై, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరమున అంతఃపురస్త్రీలు నిలిపిన స్తంభము వానిలో ప్రసిద్ధము. రాజులకే గాక సేనానులకు, సైనికులకు, శిల్పులలో పెద్దవానికి కూడ అట్టి స్తంభములు నిలిపిరి. 1926లో ఆ లోయలోని శిథిలముల సంగతి ప్రభుత్వ శాసనశాఖకు తెలిసినది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. లోయ మునుగనున్నదని 1954 నుండి 1960 వరకు పెద్దయెత్తున త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన కట్టడములను, శిల్పములను కొండపైకి, ఒడ్డునకు తరలించిరి. నేడు అవి ద్వీపముపైనున్న ప్రదర్శనశాలలో ఉన్నవి. రాయిని ఉన్నచోటనుండి కదల్చరాదని కొందరు పెద్దలు మాతో అన్నపుడు నేను ఈ ఉదాహరణమునే చెప్పితిని. నీట మునుగు రాయిని కదల్చుట అపచారము కాదు. కదల్చిన పిమ్మట నిలుపకుండుటయే అపచారము.

రాయలసీమలో 7వ శతాబ్దము మొదలు వీరగల్లులు విస్తారముగా దొరకుచున్నవి. రేనాటిచోళులు, బాణులు, వైదుంబులు, నొళంబులు ఒకరితో నొకరు పోరాడిన నేల అది. 9వ శతాబ్దమున జరిగిన సోరేమడి యుద్ధమును గూర్చి మనకు తెలిసినదంతయు దాదాపుగా అచ్చట పడిన యోధుల వీరగల్లుల వలననే. ఆ రాళ్ళను ఎవరైనను మెట్లకు వాడుకొనియున్నచో ఒక యుద్ధమే చరిత్రనుండి మాయమైపోయెడిది.

అర్చకులకు చెప్పదగిన ఉదాహరణము మరియొకటి కర్ణాటకమునందు మండ్య సీమలోని ఆతకూరున దొరకినది. క్రీ.శ. 949లో తక్కోలము యుద్ధమున చోళ రాజాదిత్యుడు మరణించిన సంగతి ఆ రాతిపై వ్రాయబడియున్నది. దానితోపాటు కాళి అను వేటకుక్క ఒక అడవిపందితో పోరాడి, దానిని చంపి తాను చచ్చిన వృత్తాంతమును చెప్పి, ఆ కుక్క స్మృతికై రాయి నాటి భూమి ఇచ్చిరి. రాయి నాటినది చల్లేశ్వరుని ఆలయము ముందు. ఆ భూమిని అనుభవించు గొరవయ్య, అనగా అచ్చటి శైవార్చకుడు, ఆ రాతికి పూజ చేయక భోజనము చేసినచో కుక్క చేసిన పాపము వానిని చెందునని కూడ వ్రాసిరి. వీరుని రాయి దేవాలయము ముందు ఉండవచ్చునా, అర్చకుడు దానిని పట్టించుకొనవలెనా అను రెండు ప్రశ్నలకు వేయి సంవత్సరముల క్రిందటనే సమాధానము చెక్కియున్నది. అదియు కుక్కకు. మనది మనుష్యునికి.

ఇక కారెంపూడి. పల్నాటివారికి క్రొత్తగా చెప్పవలసినది లేకున్నను, దూరప్రాంతములనుండి, విదేశములనుండి విరాళములు పంపిన దాతల పిల్లలకు తెలియుటకై చెప్పుచున్నాను. హైహయ వంశమున నలగామరాజు గురజాలను, మలిదేవరాజు మాచర్లను ఏలిరి. అటువైపు నాయకురాలు నాగమ్మ, ఇటువైపు బ్రహ్మనాయుడు. కోడిపందెమున ఓడి మాచర్లవారు ఏడేండ్లు వలస పోవుట, గడువు తీరిన పిమ్మట రాయబారిగా వెళ్ళిన అలరాజు ప్రాణములు కోల్పోవుట, తుదకు నాగులేటి ఒడ్డున కారెంపూడి వద్ద యుద్ధము జరుగుట ప్రసిద్ధము. ఈ యుద్ధము 1182 ప్రాంతమున జరిగినదని సాధారణముగా చెప్పుదురు. శ్రీనాథుడు ఈ కథను ద్విపదగా వ్రాసినాడు. అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు 1911లో దానిని ప్రకటించిరి. కాని కావ్యము అచ్చు కాక మునుపును ఈ కథ నిలిచియున్నది. నిలిపినవి రెండు. వీరవిద్యావంతుల పాట ఒకటి, కారెంపూడి వీరులగుడి ఒకటి.

ఆ గుడిని యుద్ధస్మారకముగా చూచినచో దానివంటిది అరుదు. కథలో అరువదియారుగురు వీరులను చెప్పుదురు. గుడిలో వారికి కిరీటములు పెట్టిన విగ్రహములు లేవు, ఠీవిగా గుఱ్ఱమెక్కిన ప్రతిమలు లేవు. ఉన్నవి రాళ్ళు, వానిని లింగములుగా భావించి పూజింతురు. మన పెద్దరాయి పై అంతస్తున వీరుడు లింగము ఎదుట కూర్చున్నాడు. కారెంపూడిలో ఇంకొక్క అడుగు ముందుకు పోయి వీరుడే లింగమైనాడు. ప్రతి సంవత్సరము కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. తెలుగునాట పలుతావులనుండి వీరాచారవంతులు తమ పూర్వులనాటి ఆయుధములను, కొణతములను తెచ్చి నాగులేట స్నానము చేయించి ఊరేగింతురు. నీర్ప్పడై అని పైన వ్రాసితిని, జ్ఞప్తికి వచ్చినదా? రాతికి చేసిన స్నానమును ఇక్కడ కత్తికి చేయుచున్నారు. స్మారకము అచ్చట కట్టడముగా మాత్రమే లేదు. సంవత్సరమునకొకసారి ఐదు దినములు మనుష్యులే స్మారకముగా నడచుచున్నారు.

మందపోరునాటి చాపకూడును కూడ చెప్పవలెను. అన్ని కులములవారును ఒకే చాపపై కూర్చుండి భుజించు ఏర్పాటు బ్రహ్మనాయుడు చేసినాడని కథ. ఆయన సేనకు నాయకుడు, ఆయన పెద్దకొడుకుగా చూచుకొనిన కన్నమదాసు మాల కులమున పుట్టినవాడు. బాలచంద్రుని వెంట నడచిన అన్నదమ్ములలో బ్రాహ్మణుడగు అనపోతును కలడు, చాకలి, మంగలి, కుమ్మరి కులములవారును కలరు. నేను మడి ఆచారములలో పెరిగినవాడను, గర్భాలయ నియమములను నేటికిని అణుమాత్రము సడలింపను. అయినను వీరులగుడిలో ఆ రాళ్ళ వరుసను చూచినపుడు ఏ రాయి ఏ కులపువానిదో రాతిపై వ్రాసిలేదని గమనించితిని. అందరికిని ఒకే పసుపు, ఒకే కుంకుమ.

తరువాతి కాలమున స్మారకముల రూపు మారినది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధమునకు 1891లో అచ్చటి సంస్థానాధీశులు నిలిపిన స్తంభము పాశ్చాత్యపద్ధతిలో ఉన్నతముగా నిలిచిన కట్టడము. అది గౌరవమును కలిగించును, సందేహము లేదు. అయితే దాని ముందు ఎవరును దీపము పెట్టరు. వేపచెట్టు క్రింది రాతికి వచ్చినంత పసుపు దానికి రాలేదు. రెంటిలో ఏది మేలని తూచుట నా ఉద్దేశము కాదు. యుద్ధము ముగిసి నూటముప్పది యేండ్లు దాటిన పిమ్మట సంస్థానము నిలిపినది ఒకటి, పోయినవాని ఇంటివారు, ఊరివారు నిలిపినది మరియొకటి. తేడా అక్కడ ఉన్నది.

ఇంతవరకు వచ్చితిమి గనుక మైల విషయము చెప్పెదను. మనుస్మృతి ఐదవ అధ్యాయము ఆశౌచప్రకరణము. యుద్ధమున ఆయుధములచేత క్షత్రధర్మముతో మరణించినవానికి యజ్ఞము అప్పటికప్పుడే పూర్తియగుననియు, ఆశౌచము కూడ వెంటనే తీరుననియు అందు స్పష్టముగా ఉన్నది. అది క్షత్రియులకే కదా అని అడుగువారికి, గోవులకొరకు ప్రాణమిచ్చినవారి విషయమునను ఆశౌచము లేదని ఆ ప్రకరణమునందే ఉన్నదని జవాబు. మన రాతిలో ఆవులు నాలుగు కనబడుచునే యున్నవి. వాని ఇంటివారికే పది దినముల మైల లేనపుడు, శతాబ్దముల పిమ్మట మన గుడికి మైల ఎక్కడినుండి వచ్చును?

భగ్నశిలలను నీట విడుచుట అను రెండవ మాట. ఆగమములు జీర్ణోద్ధారమున ఆ విధి చెప్పినమాట నిజము. ప్రధానాంగములు భగ్నమైన బింబమునందలి కళలను కుంభమునకు ఆకర్షించి, బింబమును జలమున విసర్జించి, క్రొత్తదానిని ప్రతిష్ఠింపవలెను. మన బాలాలయమున జరిగిన కళాకర్షణమును మీలో పలువురు చూచిరి. అది ఆగమోక్తముగా ప్రాణప్రతిష్ఠ జరిగి, నిత్యార్చన పొందుచున్న బింబములకు చెప్పిన విధి. విగ్రహము మారినను దేవుడు మారడు, గనుకనే అక్కడ పాతదానిని విడిచి క్రొత్తదానిని తెచ్చుకొనగలము. వీరగల్లు అట్టిది కాదు. అందు ఆవాహనము చేసిన మూర్తి లేడు, ఉన్నది ఒక మనిషి జ్ఞాపకము. దానికి క్రొత్త రాయి చెక్కించినచో అది మన ఊహయగును గాని వాని ఛాయ కానేరదు. ముక్కు అరిగినను, అంచు విరిగినను, ఆ రాయియే ఆ మనిషి. ఈ మాటను స్థపతిగారి ఎదుటను, కమిటీ పెద్దల ఎదుటను చెప్పితిని, వారు అంగీకరించిరి.

ఆ పిమ్మట చేసిన పని ఇది. రెండు రాళ్ళను త్రాళ్ళతో, గోనెలతో జాగ్రత్తగా లేపించితిమి. వీరగల్లునకు చెక్కని అడుగుభాగము కొంత ఉండును, అది భూమిలో పాతుటకే. పైకి కనబడు శిల్పమునే మొత్తము రాయి యనుకొని సిమెంటు దిమ్మెపై అతికించుట పలుచోట్ల చూచుచున్నాము. ఇక్కడ అట్లు చేయక అరుగు నడుమ గుంట విడిచి, పూర్వము వలెనే పాతి, ఇసుకతోను, గులకరాళ్ళతోను బిగించితిమి. పూర్వము తూర్పుముఖముగా ఉండెడివి, ఇప్పుడును తూర్పుముఖమే. పాతుటకు ముందు బావినీటితో కడిగి, ప్రత్తిగుడ్డతో తుడిచితిమి. కుంభాభిషేకమునాడు మిగిలిన కలశతీర్థమును వాని పాదమున ప్రోక్షించి, పెరుగన్నము నివేదన చేసితిని. ఇది ఏ ఆగమమున ఉన్నదని ఒకరు అడిగిరి. పెరుంపడై అని చెప్పితిని.

దాతలకును, యువకులకును కొన్ని మాటలు. ఈ రాళ్ళకు దయచేసి రంగు వేయకుడు. వెండిరంగు ఎనామిలు పూసినచో నాలుగు దినములు తళుకుమనును, తరువాత పొట్టు లేచి శిల్పమును వెంటబెట్టుకొని పోవును. ఇసుకను ఊదు యంత్రముతో శుభ్రము చేయవలెనని ఎవరైన చెప్పినను ఒప్పుకొనకుడు, నునుపు వచ్చును గాని ముఖము పోవును. నూనె పోయుట, పసుపు మెత్తుట మన ఆడపడుచులకు భక్తితో వచ్చిన అలవాటు, మానమని చెప్పుటకు నాకు నోరు రాదు. పాదమున పసుపు కుంకుమ ఉంచి, దీపము ఎదుట పెట్టినచో చాలును. పెద్దరాయి అంతస్తుల నడుమనున్న పట్టీలలో అక్షరముల జాడలు ఉన్నవి, వానిలో పసుపు నిండనీయకుడు. శాసనశాఖవారు వచ్చినపుడు తడి కాగితమును రాతిపై పరచి, బ్రష్షుతో కొట్టి అక్షరముల గుంటలలోనికి దించి, పైన సిరా అద్ది ప్రతి తీయుదురు. దీనినే ఎస్టాంపేజి అందురు. కేంద్రప్రభుత్వ శాసనశాఖ ప్రధాన కార్యాలయము మైసూరున ఉన్నది. మన పంచాయతీ ద్వారా వ్రాసినచో వచ్చి చూచుటకు వీలున్నది. చదువుకొనిన పిల్లలు ఆ ఉత్తరము బాధ్యతను తీసికొనవలెను. సుద్దముక్కతో అక్షరములపై దిద్ది ఫోటో తీయు ప్రయత్నము మాత్రము చేయకుడు. తప్పు గీత ఒకటి పడినచో తరువాత చదువువారు ఆ తప్పునే చదువుదురు.

ఇంకొకటి. అరుగు కట్టించిన దాతగారు తమ పేరుతో గ్రానైటు పలక అమర్చుటకు అనుమతి అడిగిరి. మన గుడులలో ట్యూబులైటు మీద వెలుగు కనబడకుండ దాత పేరు వ్రాయించుట అందరకు తెలిసినదే గనుక నేను కొంచెము సంకోచించుచు, వీరుని పేరే రాతిపై దొరకలేదు, క్రిందనున్న అరుగుపై మన పేరు ఎట్లు వేయుదుమని అంటిని. ఆయన నవ్వి, పలక సొమ్మును దీపపు నూనెకు ఇచ్చినారు. ఆ నూనెతో ప్రతి అమావాస్యనాడు సాయంకాలము, ప్రదోషపూజ ముగిసిన పిమ్మట, వేపచెట్టు క్రింద రెండు దీపములు పెట్టుచున్నాము. మీరు ఊరిలో ఉన్న అమావాస్యకు రండు. మీ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, రాతిని క్రిందినుండి పైకి చదివించుడు.